చదివి వినిపించగా

ముప్పైమూడేళ్లు నేను న్యాయస్థానంలో సాక్షుల వాంగ్మూలాలు రాశాను. సాక్షి చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టడం, ఆ కాగితాన్ని అతనికి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించడం, అడుగున ‘చదివి వినిపించగా సరిగా ఉన్నదని ఒప్పుకున్నాను’ అన్న వాక్యం కింద అతని సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకోవడం నా పని. చూడడానికి గుమాస్తా పనిలాగే ఉంటుంది. కానీ అక్కడ ఒక్క మాట మారితే మనిషి జైలుకు పోవచ్చు, ఒక్క మాట చేరితే ఇల్లు చేతులు మారవచ్చు. నేను రాసిన వాంగ్మూలాన్ని పట్టుకుని ‘నేనలా చెప్పలేదు’ అని బోనులో నిలబడి కాదన్న సాక్షి నా ఉద్యోగకాలం మొత్తంలో ఒక్కడు లేడు. నా పదవీ విరమణ నాడు జడ్జిగారు ఆ మాటే ప్రత్యేకంగా చెప్పారు. దాన్ని నేను ఇప్పటికి ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్క లేదని నా భార్య అంటుంది.

అటువంటి నేను, జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించకుండానే పంపించాను. ఆ సాక్షి నా భార్యే.

అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. కొన్ని నెలలుగా మనిషి పాలిపోతూ వచ్చింది. మెట్లెక్కేటప్పుడు మలుపు దగ్గర ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించేది. నడుం నొప్పి అనేది. తెల్లవారకముందే లేచి స్నానాలగదిలో బట్టలు ఉతుక్కునేది. ఇంట్లో మెషీను ఉండగా చేత్తో ఉతకడమేమిటని అడిగితే, “నిద్ర పట్టడం లేదండీ, ఊరికే పడుకుని ఏం చెయ్యను?” అంది. నేను దాన్ని నిద్రలేమి కింద జమకట్టాను.

ఆసుపత్రికి వెళ్లే ముందురోజు బల్ల ముందు కూర్చుని ఆమె పరిస్థితిని ఇంగ్లీషులో, అంకెలు వేసి, ఆరు పేరాలుగా రాశాను. వయసు, రెండు కాన్పులు, నెలసరి ఆగి ఆరేళ్లు, నడుం నొప్పి, నిద్రలేమి, నీరసం. వంశంలో చెప్పుకోదగిన జబ్బులేవీ లేవని చివరి పేరాలో చేర్చాను. ఆమె వంటగది గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఉంది.

“ఇంకేమీ లేదుగా?” అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆగి, “లేదు” అంది. నేను కలం మూత పెట్టేశాను. ఆమె చదువు పదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు కాగితం ఆమెకు కొరుకుడుపడదు. అందులో ఏముందో చదివి చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు.

మహిళల ఆసుపత్రికే వెళ్లాలని, అందులోనూ ఆడ డాక్టరుకే చూపించాలని నిర్ణయించింది కూడా నేనే. ఆడవాళ్ల సంగతులు ఆడవాళ్లకు తెలుస్తాయి, మర్యాద కూడా అదే అన్నది నా అభిప్రాయం. ఆమెను అడిగానా అంటే, అది అడగవలసిన విషయమని నేను అనుకోలేదు.

పెద్ద డాక్టరమ్మ గది బయట అరవైమంది ఆడవాళ్లు ఉన్నారు. బెంచీలు చాలక గోడవారన, మెట్ల మీద కూర్చున్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. లోపలికి ఇద్దరం వెళ్లాం. కాగితం అందించాను. ఆవిడ పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి, “ఇంత నీటుగా ఎవరండీ రాసింది?” అంది.

“నేనేనండీ. కోర్టులో చేసి రిటైరయ్యాను.”

“బయట కూర్చున్నవాళ్లందరికీ కూడా రాసిపెట్టండి బాబూ, నా పని సగం తగ్గుతుంది.” ఆవిడ నవ్వి, నా భార్య కనురెప్ప కిందికి లాగి చూసింది. “రక్తం బాగా తక్కువగా ఉంది. ఆకలి ఎలా ఉంటోంది?”

“తగ్గిందండీ” అన్నాను నేను.

“కడుపులో మంట అలాంటిదేమైనా?”

“అబ్బే, లేదండీ” అన్నదీ నేనే.

నా భార్య బల్ల మీదున్న గాజు పేపరువెయిట్‌ను చూస్తోంది. డాక్టరమ్మ చీటీ రాస్తుండగా, “ఇంకోటి, డాక్టరుగారూ...” అని మొదలుపెట్టింది.

“అది నాలుగో పేరాలో ఉందిలే” అన్నాను.

డాక్టరమ్మ చీటీ మీది నుంచి తల ఎత్తలేదు. ఈలోగా గుమ్మం దగ్గర తరువాతి పేరు పిలిచేశారు. నా భార్య లేచి నిలబడింది. మూడు నెలలకు ఇనుము మాత్రలు తీసుకుని, పని సక్రమంగా పూర్తయిందన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

మూడు నెలలైనా ఆమె కోలుకోలేదు సరికదా, ఇంకా చిక్కిపోయింది. అది కనిపెట్టింది నా మరదలు. ఆమె నా భార్యకు చెల్లెలు, రెండు వీధుల అవతల ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. మెడలో కొలతటేపు, దానితోపాటే గొలుసుకు వేలాడే గులాబీరంగు కళ్లజోడు లేకుండా నేనామెను చూసింది తక్కువ. ఒకనాటి ఉదయం ఆ వేషంతోనే మా ఇంట్లోకి వచ్చి, నా చేతిలోని పత్రిక లాగి పక్కన పెట్టింది.

“బావగారూ, మీరు డాక్టరుకిచ్చిన కాగితంలో మా అక్క ఉందా?”

“అదేం ప్రశ్న? ఆరు పేరాలు రాశాను.”

“ఆరు పేరాలూ మీరే ఉండుంటారు. కొలత తియ్యకుండా కుట్టేశారు, ఇప్పుడు ఒంటికి పట్టలేదంటే ఎలా? నిన్న మా కొట్లో కొలత తీశాను. నడుం రెండంగుళాలు తగ్గింది. రేపు మళ్లీ ఆసుపత్రికి వెళుతున్నాం. నేనూ వస్తున్నాను.”

“రేపు నాకు...”

“మీకేం పనుందో నాకు తెలుసు. ఈ పేపరు ఎల్లుండి చదువుకోవచ్చు.”

నా భార్య వంటగదిలోంచి బయటికి రాలేదు. చెల్లెలి దుకాణంలో, కొలతలు తీసే తెర వెనక, ముందురోజు ఆమె ఏదో చెప్పి ఉంటుందని నాకు తట్టలేదు. ఆ తెర వెనక ఆడవాళ్లు చెప్పుకునేవి ఏ న్యాయస్థానంలోనూ వినపడవని మరదలు తరువాత నాతో అంది.

మరునాడు ఆసుపత్రికి చేరేసరికి పెద్ద డాక్టరమ్మ సెలవులో ఉందని, ఆ రోజు ఆరో నంబరు గదిలో చూస్తున్నారని చెప్పారు. ఆరో నంబరు తలుపు మీద ఉన్నది మగవాడి పేరు. నేను చేతిలోని ఫైలు మూసి లేచాను.

“పదండి. ఆవిడ వచ్చాక వద్దాం.”

నా భార్య బెంచీ మీద నుంచి కదల్లేదు. మా ముప్పైయారేళ్ల కాపురంలో, నేను లేచిన తరువాత ఆమె కూర్చునే ఉన్న సందర్భం అంతకుముందు నాకు గుర్తు లేదు.

“ఉందామండీ” అంది నెమ్మదిగా. “ఇక్కడిదాకా రావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇవాళ వెళ్లిపోతే మళ్లీ రాను.”

“మగడాక్టరు...”

“చదివాను, తలుపు మీద రాసుంది” అంది. మరదలు మొహం పక్కకు తిప్పుకుంది.

డాక్టరుకు ముప్పై దాటి ఎక్కువ కాలమై ఉండదు. గదిలో ఒక మూల వయసు మళ్లిన నర్సు ఉంది. నేనిచ్చిన కాగితాన్ని అతను రెండు చేతులా తీసుకుని బల్ల మీద బోర్లించాడు.

“ఇది తర్వాత చదువుతాను సార్. ముందు అమ్మగారు చెప్పేది వింటాను.” తన కుర్చీని బల్ల వెనక నుంచి పక్కకు లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. “చెప్పండమ్మా. మీకేం ఇబ్బందిగా ఉంది?”

“నడుం నొప్పి, నిద్రలేమి, నీరసం” అన్నాను. “మూడు నెలలుగా ఇనుము మాత్రలు...”

“అమ్మగారూ, మీరు చెప్పండి.”

“ఆమె ఎక్కువగా మాట్లాడదండీ. నేను...”

అతను నా వైపు తిరిగాడు. కోపం లేదు. కొంచెం బెరుగ్గానే ఉన్నాడు. “సార్, కాసేపు బయట కూర్చుంటారా?”

నాకు ఒళ్లు మండింది. “చూడండి, నా భార్య పరాయి మగవాడి ముందు ఇటువంటి సంగతులు మాట్లాడే మనిషి కాదు.”

“అలా అయితే తప్పులేదు సార్. సిస్టర్ ఇక్కడే ఉంటారు. ఆవిడ వద్దంటే నేను ఒక్క ప్రశ్న కూడా అడగను, రేపు లేడీ డాక్టరు చూసేలా రాసిస్తాను. కాకపోతే ఆ మాట ఆవిడ అనాలి.” ఆమె వైపు తిరిగాడు. “మీ ఇష్టం ఏంటమ్మా?”

నా భార్య తన చేతిసంచీ హ్యాండిలును వేలికి రెండు చుట్లు చుట్టింది.

“ఏమండీ, మీరు బయట కూర్చోండి” అంది.

నర్సు నా వెనకే తలుపు మూసింది.

బయట మరదలు సంచీ తీసి నాకు చోటిచ్చింది. ఎదురుగా బరువు తూచే యంత్రం. దాని పక్కన ఒక స్త్రీ తుడిచిన నేలనే మళ్లీ తుడుస్తోంది. నేను కళ్లజోడు తీసి తుడుచుకుని బెంచీ మీద పెట్టాను.

“గెంటేశారా?” అంది మరదలు.

“అడిగారు. వచ్చాను.”

“మీలాంటివాళ్లని గెంటడాన్నే అడగడం అంటారు బావగారూ.”

“నీకు తెలుసు కదూ, లోపల ఏం చెబుతోందో?”

ఆమె మెడలోని కళ్లజోడు తీసి బెంచీ మీద పెట్టి, కళ్లు నలుపుకుంది. “తెలుసు. అక్క చెబుతుంది. నేను చెబితే అది మళ్లీ మీ కాగితంలాగే అవుతుంది.” కాసేపటికి తనే, ఈసారి హాస్యం లేకుండా, “మా అమ్మ దేనితో పోయింది బావగారూ?” అని అడిగింది.

“నీరసించి పోయారని కదా చెప్పారు.”

“ఏడాదిన్నర ఎవరికీ చెప్పకుండా ఊరుకుని పోయింది. అప్పటి డాక్టరు ప్రశ్నలు మా నాన్నని అడిగాడు, మా నాన్న నీరసం అన్నాడు.”

వంశంలో చెప్పుకోదగిన జబ్బులేవీ లేవు అన్న నా వాక్యం, దాని చివర నేను జాగ్రత్తగా పెట్టిన చుక్కతో సహా కళ్లముందు నిలిచింది. గోడగడియారంలో అప్పటికి పదిహేను నిమిషాలు గడిచాయి. లోపలి నుంచి మాటలు వినపడుతున్నాయి గానీ తెలియడం లేదు. ఒకసారి నా భార్య నవ్వినట్టు అనిపించింది. తరువాత చాలాసేపు నిశ్శబ్దం. ముప్పైమూడేళ్లలో మూసిన తలుపుల బయట నేను ఎందరినో కూర్చోబెట్టాను. అక్కడ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ రోజు దాకా తెలియదు.

నలభై నిమిషాలకు తలుపు తెరుచుకుని నర్సు నన్ను పిలిచింది. నా భార్య కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ భుజాలు దిగి, ఏదో బరువు కింద పెట్టినట్టు కూర్చుంది.

“అమ్మగారు మీకు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను సార్” అన్నాడు డాక్టరు. “ఏడు నెలలుగా ఆవిడకి మధ్యమధ్యలో రక్తం కనబడుతోంది. నెలసరి ఆగిపోయిన ఆరేళ్లకి అలా కనబడకూడదు. గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. భయపెట్టడం లేదు, కానీ ఆలస్యం చెయ్యద్దు. వాళ్లమ్మగారి సంగతి కూడా విన్నాక అసలు చెయ్యద్దు.”

ఏడు నెలలు! అంటే నేను ఆ కాగితం రాసేనాటికే నాలుగు నెలలు గడిచాయి. ఆ తెల్లవారుజాము ఉతుకులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరమే ఉన్నాం.

“నాతో ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“మీరు అడగలేదు.”

“అడిగాను. కాగితం రాసేటప్పుడు అడిగాను.”

“‘ఇంకేమీ లేదుగా’ అన్నారు. లేదన్నాను.”

జవాబును ముందే లోపల పెట్టి ప్రశ్న అడగడం న్యాయస్థానంలో చెల్లదు. ప్లీడరు ఎవరైనా తన సాక్షిని అలా అడిగితే జడ్జిగారు అక్కడికక్కడే ఆపేవారు. ఎన్నోసార్లు ఆ ఆపడాన్ని నేనే రాసుకున్నాను. మా ఇంట్లో నన్ను ఆపడానికి ఎవరూ లేరు.

“డాక్టరమ్మతోనైనా చెప్పాల్సింది.”

“నోరు తెరిచాను కదా. నాలుగో పేరాలో ఉందన్నారు. నాలుగో పేరాలో రక్తం సంగతి ఎలా రాశారా అని నాకే ఆశ్చర్యమేసింది.”

నేను తల వంచుకున్నాను. అయినా అడగకుండా ఉండలేక అడిగాను. “అతను మగవాడు కదా. నీకు సిగ్గనిపించలేదా?”

“చచ్చేంత అనిపించింది. కళ్లు మూసుకున్నాను. సిస్టరు చెయ్యి పట్టుకుంది. అయితే ఆ అబ్బాయికి కూడా సిగ్గుగానే ఉందండీ. చెవులు ఎర్రబడ్డాయి. అందుకేనేమో, ఇప్పుడిది చేస్తానమ్మా, నొప్పిగా ఉంటే ఆపమనండి అని ప్రతిదీ చెప్పి చెప్పి చేశాడు. మధ్యలో నవ్వొచ్చింది కూడా.” ఆగి, నెమ్మదిగా అంది. “ఆడవాళ్ల సంగతి తనకి తెలియదని అతనికి తెలుసు. కాబట్టి అడిగాడు. డాక్టరమ్మకి తెలుసు, మీకూ తెలుసు. ఇంక నన్నెవరు అడుగుతారు?”

“ఆవిడ గది బయట అరవైమంది ఉన్నారు” అన్నాను, న్యాయం ఆవిడ పక్షాన కూడా కొంత ఉందనిపించి.

“ఉన్నారు. ఆ అరవైమందిలో నేనొకదాన్ని.”

ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులు ఆమె మామూలుగానే ఉంది. నేనే అన్నం ముందు కూర్చుని లేచాను. పదకొండో రోజున ఆ కుర్రడాక్టరు కుర్చీ మళ్లీ ముందుకు లాక్కుని, ఆమెకు చెప్పాడు, నాకు కాదు. లోపలి పొరలో క్యాన్సర్ మొదలైంది. పొర దాటి పోయిన గుర్తులేవీ కనబడలేదు. గర్భసంచి తీసేస్తే అంతటితో సరిపోతుందని ఆశ. శస్త్రచికిత్స చేసేది పెద్ద డాక్టరమ్మే, చెయ్యి చాలా మంచిదని అతనే చెప్పాడు.

“ఇంకో నాలుగు నెలలు ఆగి వచ్చుంటే?” అని అడిగాను.

“ఆగలేదుగా సార్” అన్నాడు.

ఆసుపత్రివాళ్లు ‘రోగి చెప్పిన వివరాలు’ అనే తెలుగు పత్రం నింపి తెమ్మన్నారు. ఆ సాయంత్రం అదే బల్ల ముందు కూర్చున్నాను. ఈసారి ఆమెకు కుర్చీ వేశాను.

“ఏం జరిగింది? మొదటి నుంచి చెప్పు” అన్నాను. అంతకు మించి ఒక్క మాట కలపలేదు.

“మొదటిసారి మరక చూసింది మనింటి గేటుకి రంగు వేయించిన రోజున. ఆ రంగే అంటిందనుకున్నాను. మన గేటు ఆకుపచ్చదని తర్వాత గుర్తొచ్చింది.”

“ఇది రాయనా?”

“నేను చెప్పానుగా, రాయండి.”

రాశాను. నెలనెలా ఎన్ని రోజులు, ఎంత, ఏ రంగు, అన్నీ ఆమె చెప్పింది. ఒక్కటీ మరిచిపోలేదు. నాకన్నా మంచి రికార్డు ఆమె మనసులో ఉంది. తరువాత గొంతు కాస్త తగ్గించింది.

“నాలుగేళ్ల నుంచి కలయికప్పుడు నొప్పిగా ఉంటోంది.”

నా కలం ఆగిపోయింది. “ఇది... అవసరమా?”

“ఆ అబ్బాయి అడిగాడు, చెప్పాను. అవసరమేనట.”

“నాలుగేళ్లు. నాతో ఎప్పుడూ...”

“చెబుదామనుకునేసరికి మీరు నిద్రపోయేవారు.”

ఆమె నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. “చెప్పింది చెప్పినట్టు రాయాలని మీరే అంటారుగా” అంది చివరికి. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటుందేమోనని వెతికాను. లేదు. రాశాను.

అంతా అయ్యాక మొదటి నుంచి చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యెత్తింది.

“‘కొంచెం నొప్పి’ అని చదివారు. కొంచెం అని నేను అనలేదు.”

చూశాను. నిజమే. ఆ మాట నేను ఎప్పుడు చేర్చానో నాకే తెలియదు. ముప్పైమూడేళ్లలో చెయ్యని పని నా చెయ్యి నన్ను అడగకుండా చేసేసింది. ‘కొంచెం’ మీద గీత గీసి, కొట్టివేత పక్కన ఆమె చేత పొడి అక్షరాలు వేయించాను. పద్ధతి అది. అడుగున పాత వాక్యం రాసి పత్రం ఆమె ముందుకు జరిపాను. తన పేరు నిదానంగా, పూర్తిగా రాసింది.

శస్త్రచికిత్సకు ముందురోజు పెద్ద డాక్టరమ్మ ఆ పత్రాన్ని చివరిదాకా చదివింది. సంతకం కూడా చదివినట్టుంది. తల ఎత్తి నా భార్యను చాలాసేపు చూసింది.

“మూడు నెలల కిందట మీరు నా ఎదురుగా ఇదే కుర్చీలో కూర్చున్నారు కదమ్మా. నేను తల ఎత్తి ఉండాల్సింది” అంది. తరువాత కలం కింద పెట్టి, “మీకు నన్నేమైనా అడగాలని ఉందా?” అంది.

అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. నా భార్య నా వైపు తిరిగింది. నేను లేచి, ఎవరూ చెప్పకుండానే బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేశాను. బెంచీ మీద మరదలు సంచీ తీసి చోటిచ్చింది.

“ఈసారి ఎంతసేపు బావగారూ?”

“ఎంతసేపైనా సరే” అన్నాను.

ఇది జరిగి రెండేళ్లయింది. ఆరు నెలలకోసారి పరీక్షకు వెళ్లి వస్తున్నాం. ఇంతవరకు ఏమీ లేదన్నారు. ఆరో నంబరు గదికి వెళ్లాలో పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లాలో ప్రతిసారీ ఆమే చెబుతుంది. నేను బెంచీకి వెళతాను.

ఈ కథను అచ్చుకు పంపే ముందు ఆమెకు చదివి వినిపించాను. పంపవచ్చునా అని కూడా అడిగాను, పంపమంది. ఒక్క కొట్టివేత చేయించింది. ఆమె ఓర్పును పొగుడుతూ నేను రాసిన పేరా అది. తీసేశాను. ఒక్కటి చేర్చమంది.

“ఆ రోజు సిస్టరు పిలిస్తే మీరు లోపలికి వచ్చింది మా చెల్లి గులాబీరంగు కళ్లజోడు పెట్టుకుని. అంత పెద్ద సంగతి చెబుతూ ఆ అబ్బాయి నవ్వాపుకోలేక చచ్చాడు. అది రాయలేదేం?”

ఇప్పుడు రాశాను.